రొట్టె చప్పుడు లేని ఇల్లు

హలో… హలో… ఆ, నేనే. మక్తల్‌కెళ్లి వెంకటనర్సమ్మను. నీ బిడ్డ అత్తను.

…

యాదలక్ష్మి వదినెనే గద? మీ నూనె మిల్లుల ఎవరో గుమాస్త ఎత్తిండు. పిలుస్త ఉండమన్నడు. అప్పటిసంది గోడకు ఆనుకొని నిలవడ్డ.

…

ఎవ్వరు సావలే వదినె. నువ్వు గూడ గదే అడుగు. మా మగ్గాల గల్లి అంత గదే అడిగింది. అందుకే ఈ ఫోను.

…

ఆ, అందరు బాగనే ఉన్నరు. మీ అన్న మగ్గం గుంతల ఉన్నడు. నీ అల్లుడు ఎల్లస్వామి చీరెలు మూట గట్టుకొని గద్వాలకు పోయిండు. బాగలేనిది నా నసీబు ఒక్కటే.

—

పోస్టాఫీసుకెళ్లి మాట్లాడుతున్న. మా కురుమయ్య లేడా, టపాలు పంచేటాయన? ఆయననే కలిపిచ్చిండు. పక్కకే ఉన్నడు, గంత అరువకు అంటాండు. అరువకపోతె జడ్చర్ల దాక మాట ఎట్ల వస్తది?

…

ముందుగాల అసలు ముచ్చట ఇను. నీ బిడ్డ ఆండాళును పెట్టెతోని బస్సుకాడ కూసోవెట్టి వచ్చిన. ఈ కిటికీలకెళ్లి కనవడ్తనే ఉంది. పాలమూరు మీదికెళ్లి మీ ఊరికి పొయ్యే బండి. టపా సంచి ఎక్కిందాక కదలదు, ఆ సంచి ఈడనే నా కాళ్లకాడ ఉన్నది. పొద్దుగూకకముందే నీకాడ దిగుతది. దించుకో.

…

దించుకొని ఏం చేస్తవా? నీ బిడ్డ, నీ ఇష్టం. రొట్టె కొట్టుడు నేర్పి పంపిస్తె పంపియ్యి. లేకుంటె నీకాడనే ఉండనియ్యి. నా కొడుకుకు చెప్పుకునేది నేను చెప్పుకుంట.

…

ఏడువకు. ఏడిస్తె ఫోనుల నీళ్లు రావు గని మాట వినవడదు.

…

కొట్టిందా, తిట్టిందా అని అడుగుతున్నవా? అయ్యో, అట్లాంటియి ఏం లేవు. కొడితె నేను గూడ ఒకటి కొట్టి ఊకుందు. రొట్టె మానేసింది వదినె. మీ ఊరి బోనాలకు వచ్చిపోయినకాడికెళ్లి మా ఇంట్ల జొన్నరొట్టె లేదు.

…

జొన్నలు లేక గాదు! గుమ్మి నిండ ఉన్నయి. గిన్నె తిండి మరిగింది నీ బిడ్డ.

…

గిన్నె తిండి అంటె… ఏమని చెప్పాలె. బ్లాకాఫీసుల ఆడోళ్లకు పాఠాలని పెట్టిండ్రు గద. పొయ్యి ఎట్ల కట్టాలె, పిల్లలకు నీళ్లెట్ల పొయ్యాలె అని. మనం పుట్టినకాడికెళ్లి చేస్తనే ఉన్నం, ఇప్పుడు కుర్చీలేసి చెప్తాండ్రు. పోనీ అని పంపిన. పట్నంకెళ్లి ఒకామె వచ్చిందట. అమెరికాల చదివిందట. గోడకు ఒక బొమ్మ తగిలిచ్చి, ఆ దేశపోళ్లు ఇది తింటరు సూడుర్రి అన్నదట.

—

రెండు ఉబ్బిన మెత్తటి రొట్టెలు. నడుమ మాంసం బిళ్ల. మీద ఉల్లిగడ్డ, టమాట. రెండు చేతులతోని పట్టుకొని ఇంత నోరు తెరిచి కొరుకుతరట. బర్గరట దాని పేరు.

…

నవ్వకు, ఇంక ఉన్నది. ఆ ఉబ్బు రొట్టె మన దిక్కు దొరకదు. దొరకకుంటె ఊకోవాలెనా లేదా? ఊకోలే ఆ సదువుకున్నామె. రొట్టె ఇడిసిపెట్టుర్రి, నడుమ ఉన్నదంత గిన్నెల ఏసుకొని తినుర్రి అన్నదట. పొద్దంత పనిచేసి అలిసిన ఆడోళ్లకు లటుక్కున అయ్యే తిండట. పెండ్లికొడుకు రాలేదని ఉత్త మేళంతోని పెండ్లి చేసినట్టు!

…

చేసింది. ఎందుకు చెయ్యది? ఐతారం మాంసం తెస్తె, కూర పెట్టకుంట కత్తిపీట మీద సన్నగ తరిగి తరిగి, అల్లం ఎల్లిగడ్డ కలిపి, బిళ్లలు ఒత్తి పెంక మీద కాల్చింది. రొట్టెల పెంక మీద వదినె! నా అత్త చేతిదది. మల్ల ఆ బిళ్లలను చిదిపి గిన్నెలల్ల ఏసింది. ఉడకబెట్టిన ఆలుగడ్డ ఇంత, పచ్చి ఉల్లిగడ్డ ఇంత, టమాట ఇంత, మీద ఎల్లిగడ్డ నూరిన పెరుగు. తలా ఒక గిన్నె ముంగట పెట్టి, తినుర్రి అని నిలవడ్డది. రొట్టె ఏదమ్మా అన్న. రొట్టె లేదు అత్తమ్మా, గిదే బువ్వ అన్నది.

…

వారంల మాంసం యాడికెళ్లి వస్తది? సోమారంకెళ్లి అలసందలు. ఉడకబెట్టి మెదిపి, మల్ల గదే బిళ్ల, మల్ల గదే చిదుపుడు, మల్ల గదే గిన్నె. వండలేనమ్మకు వగపులు మెండు అని ఊకెనే అన్నరా!

…

ఆ, అడిగిన. ఎందుకు బిడ్డా ఈ ఏషాలు అన్న. రొట్టెలకాడ పొద్దుగూకుతాంది అత్తమ్మా, గదే యాల్లకు ఇంకిన్ని నూలు కండెలు సుట్టుకోవచ్చు, మామకు నేతల ఆగకుంట అందుతయి అన్నది. చెప్తె నమ్మేటట్టే చెప్పింది. కండెలు సుట్టింది గూడ, అబద్ధం ఎందుకు.

…

మొగోళ్లా? మొగోళ్ల సంగతి అడుగకు. మీ అన్న మొదటి దినం గిన్నె సుట్టూత తిప్పి తిప్పి సూసిండు. రెండోనాడు గిన్నె నాకిండు. నోట్లె మాట రాదు గని నాలుక మాత్రం గిన్నె అడుగు దాక పోతది. నీ అల్లుడైతె మల్ల ఇంత ఏయమని గిన్నె సాపుతడు. రొట్టె లేకుంటె కడుపు నిండదని నేనొక్కదాన్నే మొత్తుకున్న. నిండుతాందే అమ్మా అంటడు! వీని ముప్పొద్దుల రొట్టె కోసం నా చేతులు కాయలు కాసినయి.

…

నేను తిన్ననా అంటె… ముంగట పెడితె పారేస్తనా? తిన్న. అందుల గూడ నీ బిడ్డ వేరేతనం సూడు. అందరికి పచ్చి ఉల్లిగడ్డ ఏస్తది, నాకు మెత్తగ వేయించి ఏస్తది. అందరికి ఆలుగడ్డ ముక్కలు, నాకేమో పసిపిల్లకు పెట్టినట్టు మెదిపి పెడుతది. అత్తకు పచ్చి ఉల్లిగడ్డ పెట్టుడు గూడ దండుగ అనుకున్నదో ఏమో! ఇంకోటి. నేను తింటుంటె నా నోరు దిక్కే సూస్తది. ఎవరన్న తినేటోళ్ల నోరు సూస్తరా?

…

నువ్వు నడుమ నడుమ ఏందో చెప్పవోతున్నవ్. ముందు నన్ను చెప్పనియ్యి. ఇజ్జత్ పోయిన ముచ్చట ఇంక రానే లేదు.

…

మా గల్లి నీకు తెల్వదా వదినె? పొద్దుగూకంగనే మగ్గాల చప్పుడు ఆగుతది, రొట్టెల చప్పుడు షురువైతది. ఈ ఇంట్ల టపటప, ఆ ఇంట్ల టపటప. ఎవరింట్ల ఎన్ని రొట్టెలు కొట్టిండ్రో గోడ అవుతల కూసున్నోళ్లు చెప్తరు. చప్పుడు రాని ఇల్లు ఏదైతది? జొన్నలు లేని ఇల్లన్న కావాలె, పీనుగెల్లిన ఇల్లన్న కావాలె. సావైన ఇంట్లనే గద పొయ్యి మీద పెంక పెట్టరు.

…

ఆ. గదే అయింది. మా ఇంట్ల చప్పుడు లేదు. మా దూడ ఒక్కటే పొద్దుగూకంగనే రొట్టె కోసం అరుస్తాంది. గల్లోళ్లు చెవులు కొరుక్కుంటాండ్రని నాకేం తెల్సు. నిన్న మాపటికి గోడ అవుతలి జానమ్మ కొంగు నోట్లె పెట్టుకొని వచ్చింది. నెత్తి మీద గంప. గంపల గుడ్డ కప్పి ఇన్ని రొట్టెలు, పప్పు. ఎనుక ఇంకిద్దరు ఆడోళ్లు. వాకిట్లకు రాంగనే శోకం అందుకున్నది. ఎంత పని జరిగె అక్కా, కబురన్న చెయ్యకపోతివి, ఎవరు పోయిండ్రక్కా, మీ పుట్టింటోళ్లా అని!

…

నవ్వుతున్నవా? నవ్వు. ఆ గంప నా ముంగట దించినప్పుడు నువ్వుంటె తెలుస్తుండె. మీ అన్న గిన్నె పట్టుకొని బయటికి వచ్చిండు. ఎవరు పోయిండ్రు అని ఆయన గూడ అడిగిండు!

…

ఏం చెప్పాలె? నా కోడలు సదువుకుంటాంది, రొట్టె మానేసినం అని చెప్పుకున్న. జానమ్మ కండ్లు తుడుసుకొని ఏమన్నదో తెల్సా? అయ్యో, నేను నీకు అంబలి కాలం వచ్చిందేమో అనుకున్న అక్కా అన్నది. నాకు! వెంకటనర్సమ్మకు! దాని అత్త సంగతి మర్సిపోయిందో ఏమో. ఆ ముసలామె రొట్టె నమలలేక అంబలికి దిగిననాడే ఆమెను మూలకు కూసోవెట్టిండ్రు. పెంక కోడలి చేతికి పోయింది, పెంక ఎనుక తాళంచెవి పోయింది. ఇప్పుడు ఇంట్ల లగ్గం మాట్లాడుకుంటె గూడ ఆమెను పిల్వరు. మా గల్లిల అంబలి తాగేదాని మాట ఎవరింటరు వదినె?

…

గందుకే రాత్రే చెప్పిన. ఆండాళూ, రేపటికెళ్లి పెంక పొయ్యెక్కాలె, చప్పుడు గల్లి చివర దాక వినవడాలె. లేకుంటె పెట్టె సర్దుకో అన్న.

—

చెయ్య అన్నది. మెల్లగనే అన్నది, తల గూడ ఎత్తలే. రొట్టె చెయ్య అత్తమ్మా, ఎల్లగొడితె ఎల్లగొట్టు అన్నది. ఎందుకు చెయ్యవో చెప్పమన్న. చెప్పదు. కండెల మాట గూడ తియ్యలే ఈసారి. నా నోరు దిక్కు సూసుకుంట నిలవడ్డది. గంత మొండితనం నీ ఇంట్ల ఎవరికున్నది వదినె? నువ్వే నేర్పి పంపినవేమో అని నాకు మొదటికెళ్లి అనుమానం.

…

ఏంది?

…

నువ్వే చెప్పినవా! అగో! నేను అనుకున్నదే అయింది. తల్లే బిడ్డకు సంసారం సెడగొట్టుకొమ్మని—

…

ఏం పండ్లు?

…

ఎవరి పండ్లు?

…

నా పండ్లకేమైంది? నేను ఇనుప గుగ్గిళ్లు నములుత. ముంగటి పండ్లు సూడలేదా నువ్వు, లగ్గంల నవ్వుకుంట తిరిగిన గద అంతట!

…

…

వదినె, జర ఆగు.

కురుమయ్యా, నువ్వు జర బయటికి పో అయ్యా. ఇంటి మాటలు. పో, బయట నిలవడు.

…

ఆ, పోయిండు. మెల్లగ మాట్లాడుతున్న. వినవడ్తాందా?

…

దవడ పండ్ల సంగతి నీకెవరు చెప్పిండ్రు?

…

ఆండాళుకెట్ల తెల్సు? నేను కొడుకుకు చెప్పలే. మొగనికి చెప్పలే. ఒక్కొక్కటి ఊడినప్పుడల్ల కొంగుల కట్టుకొని పోయి పెంట మీద పారేసి వచ్చిన. ఎవ్వరికి తెల్వది.

…

దూడ?

…

దూడ సంగతి గూడ చెప్పిందా.

…

రోజు సూసిందా? పొద్దుగూకంగనే నేను రొట్టె పట్టుకొని కొట్టం దిక్కు పొయ్యేది… ఇంత తుంచి నోట్లె పెట్టుకొని, నానవెట్టుకొని నానవెట్టుకొని మింగి, మిగిలింది దూడకు పెట్టేది… ఆమె కండెలు సుట్టుకుంట సూసిందా?

…

అవును వదినె. పస్తే. ఉగాదికెళ్లి ఈ గిన్నె తిండి వచ్చిందాక రాత్రిపూట పస్తే. తిన్న అని కడుపు మీద చెయ్యేసుకొని పంటుంటి.

…

అడుగొచ్చు గద నన్ను?

…

అడిగితె లేదు అంటుంటి. నిజమే. చెంప పగులగొడుదు.

…

ఇంకోసారి చెప్పు. ఆమె ఏమన్నదో ఆమె మాటలనే చెప్పు.

…

…

అత్తమ్మ ఒక్కదానికే మెత్తటిది వండితె అత్తమ్మను మూలకు కూసోవెడ్తరు. అందరికి మెత్తటిదే వండితె ఎవరికి తెల్వది. … గట్లన్నదా?

…

నీతోని ఒట్టేయించుకున్నదా? ఆ పట్నపామె గిన్నె, ఆ బర్గరు, ఆ కండెలు… అన్ని గందుకేనా?

…

నాకు షరమైతాంది వదినె. నీ ముంగట గాదు. ఆ పిల్ల ముంగట. వేయించిన ఉల్లిగడ్డ సూసి నేను ఏమేమో అనుకుంటి. మెదిపిన ఆలుగడ్డ సూసి… నోరు దిక్కు ఎందుకు సూస్తదో తెల్వక పెట్టె బయటేసిన. పెట్టెల చీరె గూడ నేనే కుక్కిన.

…

నిన్న ఒక్కమాట చెప్తె అయిపోవు గద! ఎల్లగొట్టించుకుంది గని చెప్పలే. ఏం పిల్లను కన్నవే తల్లీ నువ్వు.

…

ఆ, ఇప్పుడే పోత. ఎంత దూరం, రోడ్డు దాటితె బస్సు. టపా సంచి ఇంక ఎక్కనే లేదు, ఇగో నా కాళ్ల—

…

సంచేది?

…

ఈడనే ఉండె వదినె. నా కాళ్లకాడనే ఉండె. కురుమయ్య… నేను బయటికి పొమ్మంటి. పొమ్మంటె సంచి భుజాన ఏసుకొని పోయిండు.

…

ఆగు! ఆగు, కిటికీల సూస్తున్న.

కురుమయ్యా! ఓ కురుమయ్యా! ఆపు! ఆ బండి ఆపు! ఆండాళూ!

…

…

పోయింది.

…

పోయింది వదినె. మూల మలిగింది. దుమ్ము తప్ప ఏం కనవడ్తలేదు.

…

చూస్తున్న. ఆమె కూసున్న రాయి ఉత్తగున్నది. కురుమయ్య ఒక్కడే వస్తాండు, చేతులు దులుపుకుంట. నా నోటితోని నేనే పంపిన ఆయనను. పండ్లు లేని నోటి సంగతి ఆయన ఇంటడని.

…

లేదు, ఏడుస్తలేను. జలుబు.

…

ఎవరమ్మా నడుమ? టైమైందా? ఓ ఫోను కలిపేటమ్మా, జర ఆగు బిడ్డా, ఇంకొక్క మాట, ఒక్క మాట.

వదినె, ఉన్నవా? ఇను. బండి కాడికి నువ్వే పో. ఎవ్వరిని పంపకు. దిగంగనే… అత్తకు తెల్సింది అని చెప్పు. నేనే చెప్పమన్న అని చెప్పు. నువ్వు ఏసిన ఒట్టు తెగిందని ఏడుస్తదేమో, ఆ పాపం నా నెత్తిన ఏయమను.

…

నీ అల్లుడెందుకు? ఎల్లస్వామి గద్వాల్ల ఉన్నడంటి గద. ఉన్నా వాన్ని పంప. నేనే వస్త. రేపు ఇదే బండికి.

…

నవ్వనియ్యి. కోడలిని తోలుక రాను అత్తే పోయిందని గల్లి అంత నవ్వుతది. జానమ్మ ముందుగాల నవ్వుతది. ఈ రాత్రే ఆమె గంప ఆమెకు ఇచ్చి, నా పండ్లు పోయినయమ్మా, సూస్తె సూడు అని నోరు తెరుస్త. పెంక ఆండాళు చేతికే ఇస్త. తాళంచెవి అడుగుతె, అదప్పుడు సూద్దాం.

…

ఆ, ఆ, పెట్టేస్తున్న అమ్మా, ఒక్క—

వదినె, రేపు నేను వస్తె మర్యాద అని చెప్పి నా ముంగట రొట్టె పెట్టేవు. వద్దు. అందరి నడుమ కూసోవెట్టి, నాకు గిన్నెల పెట్టుమను ఆండాళును. మెత్తగ.

…

ఇంకోటి. ఆలుగడ్డల ఉప్పు జర ఎక్కువ ఏయమను. ఎప్పుడు తక్కువనే ఏస్తది, ఎన్నిసార్లు చెప్పినా—

హలో?

వదినె?

…

ఇంద కురుమయ్యా, ఇది యాడ పెట్టాలె?